ఎండ ఏ పక్క?

వేట ఆగేది ఏప్రిల్ పదిహేనున.
బోట్లు జెట్టీకి కట్టేసే దాకా
కాసులమ్మత్త హార్బరు వదిలి కదలదు.
మంచు అప్పటిదాకా ఆగుతుందా?
పెదజాలారిపేటలో, మా మేడ మీది గదిలో
నెల్లాళ్ళుగా ఇదే గొడవ.

ఫ్యాను తిరుగుతున్నా ఉక్క.
చెమట వేళ్ళ కింద హిమాలయం తడిసి ముడతలు పడుతోంది.
పటం ఎగరకుండా
కశ్మీరు మీద ఉప్పు డబ్బా,
గఢ్వాల్ మీద ఇడ్లీ గిన్నె మూత.

ఏడుగురం.
హేమితకి రెండు వారాల స్కీయింగ్ కోర్సు, సర్టిఫికెట్టు;
కళ్ళు మూసుకుని దిగుతానంటుంది.
జోగారావు బావ సోలాంగ్‌లో జారింది ఒక్కసారే,
మా ముందు మాత్రం ఇప్పటికి నలభైసార్లు జారాడు.
మా ఆయన మోకాల్లో రెండు స్క్రూలు.
మా నిశాంత్‌కి తొమ్మిదేళ్ళు,
మాల్‌లో ఎస్కలేటర్ చూస్తేనే నా కొంగు పట్టుకుంటాడు.
విమల వదినకి కాఫీ దొరికితే చాలు.
నేను లెక్కలు రాసేదాన్ని.
అత్త ఎందుకొస్తోందో
అత్త చెప్పలేదు, మేం అడగలేదు.

ఔలీ అప్పటికి పచ్చబడిపోతుందన్నారు.
గుల్మార్గ్‌కి ఫోన్ చేస్తే
"పైన ఉంటుందమ్మా, కింద మాట చెప్పలేను" అన్నాడు.
ఫోన్ పెట్టేశాక అర్థమైంది నాకు:
సీజను చివర మంచు మిగిలేది
వచ్చినవాళ్ళ ఎత్తులోనే.
నేర్చుకునేవాళ్ళ దిబ్బ
ముందే కరిగి నీళ్ళయిపోతుంది.

హేమిత పైకే పోదామంది.
బావ పైకే అన్నాడు, కొంచెం మెల్లగా.
మా ఆయన మోకాలు నిమురుకున్నాడు.
నిశాంత్ ఇడ్లీ మూత ఎత్తి, దించి, ఎత్తి,
"నేను హోటల్లో ఉంటాలే" అన్నాడు,
ఎవరినీ ఇబ్బంది పెట్టని గొంతుతో.

ఆ మాటకి
గుమ్మంలో రొయ్యలు ఒలుస్తున్న అత్త తలెత్తింది.
"ఆ కొండ మీద ఎండ ఏ పక్క పడతాది?"

ఎవరికీ తెలీదు.

"ముప్ఫై ఏళ్ళు ఐసు కొన్నాను.
పొద్దున్న రాయి, మజ్జాన్నం జావ.
ఊక కప్పి నీడన పెడితే రెండ్రోజులు,
ఎండకి మొహం తిప్పితే గంట.
ఎత్తు ఎంతని అడుగుతారేటర్రా,
మొహం ఎటని అడగండి."

మళ్ళీ ఫోన్ చేశాను.
అతను కాసేపు మాట్లాడలేదు.
తర్వాత ఒక చిన్న లోయ పేరు చెప్పాడు,
ఉత్తరానికి తిరిగి, పైన్ చెట్ల నీడలో ముడుచుకున్నది.
లిఫ్టు ఒక్కటే. దిబ్బ ఒక్కటే, పిల్లలు దొర్లేంత.
దాని వెనకే నిట్రంగా పెద్ద వాలు;
హేమిత పళ్ళు బిగించి దిగడానికి చాలు.
టీ కొట్టు ఉందట. వదినని ఒప్పించాలి.

"అంత ఐసూ
ఊరికే పడుందా?" అంది అత్త.
"కాటా లేదూ? కొనేవాడు లేడూ?"
ఒలిచిన రొయ్య చేతిలో అలాగే ఉండిపోయింది.

మర్నాడు నాలుగింటికి
నిశాంత్‌ని హార్బరుకి తీసుకుపోయింది.
నేనూ వెనకాలే వెళ్ళాను.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
ఐసు లారీ కింద పోసిన కుప్ప,
దాని మీద వాడు,
తొడల దాకా వచ్చే అత్త గంబూట్లలో.

"మోకాలు వంచు. వెనక్కి వాలకు.
నువ్వు బయపడితే ఐసుకి తెలిసిపోద్ది."

వంచాడు. జారాడు. కూలబడ్డాడు.
పాట పాడుతున్న వేలంవాడు ధర మర్చిపోయాడు.
వాడు ఏడవబోయి
చుట్టూ చూసి
చల్లగా ఉందని నవ్వాడు.

అత్త వాణ్ణి లేపలేదు.
యారాడ కొండ పక్కన తెల్లబడుతున్న ఆకాశం చూసి
కుప్ప మీదికి గోనెపట్టా లాగుతోంది,
వాడు కూచున్న చోటు మాత్రం వదిలి.